న్యూయార్క్‌లో కోవిడ్ టీకా సర్టిఫికెట్‌తో పాటు ఐడీ కూడా అడుగుతున్నారట, అమ్మానాన్నలతో డిసెంబరులో వెళ్తున్నాం, తెలిసినవాళ్ళు చెప్పండి

షార్లెట్ చందు | 14 నవంబరు 2021

అందరికీ నమస్కారం. మే 4న ఇండియా నుంచి రాకపోకలు ఆపేశాక ఈ నెల 8 నుంచే కదా టీకా వేసుకున్న విజిటర్లను మళ్ళీ రానిస్తున్నది, ఆ వార్త చూసిన రాత్రే అమ్మానాన్నలకి టికెట్లు చేసేశాను. వాళ్ళని చూసి మూడేళ్ళు కావస్తోంది, మావాడు తాతయ్యని ఫోన్లో తప్ప చూడలేదు. డిసెంబరు 10 రాత్రి హైదరాబాదులో ఎక్కి ఢిల్లీ మీదుగా 11 పొద్దున న్యూజెర్సీలోని నెవార్క్‌లో దిగుతారు. మేం కారులో వెళ్ళి ఎడిసన్‌లో పిన్నివాళ్ళింట్లో ఓ వారం ఉండి, న్యూయార్క్ చూపించి ఇక్కడికి తీసుకొద్దామని.

పిన్ని ఏమంటుందంటే అక్కడ హోటల్లో కూర్చుని తినాలన్నా సర్టిఫికెట్ చూపించాలి, ఐడీ కూడా చూపించాలి, రెండిట్లో పేరు ఒకటే ఉండాలి అని. ఇక్కడ షార్లెట్‌లో ఇలాంటివేం లేవు కాబట్టి నాకు అసలు అవగాహన లేదు. నా సమస్యలు ఇవీ: నాన్నకి కోవాగ్జిన్, అమ్మకి కోవిషీల్డ్, ఇద్దరికీ రెండేసి డోసులు అయ్యాయి. అమ్మ సర్టిఫికెట్ ఆధార్ ప్రకారం వచ్చింది, దాన్లో ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటే ఉంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం ఉంది. నాన్నదాంట్లో పేరు సరిగ్గానే ఉంది గానీ పుట్టిన తేదీ లేదు, పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది. మా ఆవిడ సీడీసీ కార్డు (ఇక్కడ టీకా వేసినప్పుడు ఇచ్చేది) ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. పిల్లాడికి ఏడేళ్ళు, వాడికింకా వేయించలేదు. పెద్దవాళ్ళని ఆ చలిలో గుమ్మం దగ్గర నిలబెట్టి వెనక్కి పంపిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

ఎడిసన్ బాబాయ్ | 14 నవంబరు 2021

చందూ, కంగారు పడకు. ఆగస్టు 16న మొదలైంది ఇది, "కీ టు ఎన్‌వైసీ" అంటారు, సెప్టెంబరు 13 నుంచి తనిఖీలు చేస్తున్నారు. రూలు ప్రజల మీద కాదు, దుకాణం వాడి మీద. మొదటిసారి హెచ్చరిక, తర్వాత దొరికితే వెయ్యి డాలర్లు, ఆ తర్వాత రెండు వేలు, అలా ఐదు వేల దాకా పోతుంది. అందుకే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని మరీ అడుగుతున్నారు. హోటళ్ళలో లోపల కూర్చుని తినడం, సినిమా హాళ్ళు, మ్యూజియంలు, నాటకాలు, జిమ్ములు, ఇవీ దీని కిందకి వచ్చేవి. ప్రస్తుతానికి ఒక్క డోసు వేసుకున్నట్టు చూపిస్తే చాలు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఐడీ కూడా చూపించాలి. ఆ ఐడీ మీద పేరు ఉండాలి, దాంతోపాటు ఫొటో అయినా పుట్టిన తేదీ అయినా ఉండాలి. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని అడగడం లేదు.

ఇదంతా న్యూయార్క్ సిటీ వరకే. మా న్యూజెర్సీలో లేదు. ఓక్ ట్రీ రోడ్డు మీద కూర్చుని ప్లేటు ఇడ్లీ తింటే ఎవడూ ఏమీ అడగడు, అదే మనిషి హాలండ్ టన్నెల్ దాటి అవతల కాఫీ తాగుతానంటే కాగితాలు తీయాలి. మొదట్లో మాకూ వింతగా ఉండేది.

పోయినేడాదితో పోలిస్తే ఇది ఎంతో నయం. 2020 జూన్ ఆఖర్లో అయితే కేసులు ఎక్కువున్న రాష్ట్రాల నుంచి వస్తే పద్నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవాలన్నారు, జూలై నుంచి న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో ఫారం నింపకుండా బయటికొస్తే రెండు వేల డాలర్ల జరిమానా. మా తమ్ముడు టెక్సస్ నుంచి వచ్చి మా బేస్‌మెంట్లో పద్నాలుగు రోజులు ఉన్నాడు, మెట్ల మీద పళ్ళెం పెట్టి వచ్చేవాళ్ళం.

గోదారిగట్టు | 14 నవంబరు 2021

మేం అక్టోబరులో మా అత్తగారితో వెళ్ళాం (ఆవిడ గ్రీన్ కార్డు, అందుకే రాగలిగారు). ఆవిడ పాస్‌పోర్టు పారేసుకుంటానన్న భయంతో హోటల్ గది లాకర్లో పెట్టి, ఆధార్ కార్డు పట్టుకొచ్చారు. నేనేమో తల పట్టుకున్నాను. ఒక పిజ్జా హోటల్లో గుమ్మం దగ్గర అబ్బాయి ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు, ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు, ఇదేం భాష అనడిగాడు. తెలుగు అంటే "కూల్" అని లోపలికి పంపించాడు. పేరుంది, ఫొటో ఉంది, వాడికి ఇంకేం కావాలి. కానీ అదే రోజు సాయంత్రం ఇంకోచోట ఆధార్ కుదరదు పాస్‌పోర్టు చూపించమన్నారు. ఫోన్లో ఉన్న పాస్‌పోర్టు ఫొటో చూపించాం, ఒప్పుకున్నారు. మర్నాడు వేరేచోట ఫొటో కుదరదన్నారు. అంటే రూలు ఒకటే గానీ గుమ్మానికొక పద్ధతి. పాస్‌పోర్టు వెంట ఉంచుకోవడమే మంచిది.

షార్లెట్ చందు | 14 నవంబరు 2021

బాబాయ్ గారూ, గోదారిగట్టు గారూ, చాలా థాంక్స్. అమ్మ పేరు సంగతే ఇప్పుడు తేలాలి. ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటే గుమ్మం దగ్గర ఏమో గానీ అసలు విమానం ఎక్కనిస్తారా?

కోవిన్ పంతులు | 15 నవంబరు 2021

నేను విజయవాడలో ఉంటాను, గత మూడు నెలల్లో మా వీధిలో ఓ పాతికమందికి ఈ సర్టిఫికెట్లు సరిచేసి పెట్టాను, పంతులు అన్న పేరు అలా వచ్చిందే. మన తెలుగువాళ్ళకి ఈ తిప్పలు ఎక్కువ. ఆధార్‌లో "కె. ఫలానా" అని ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరుకి వేరే గడి. టీకా కేంద్రంలో కుర్రాడు క్యూ కదలాలని ఏ కార్డు చేతికిస్తే అందులో ఉన్నది కొట్టేశాడు. అప్పుడు ఎవరికి తెలుసు ఈ కాగితంతో అమెరికాలో టిఫిన్ తినాల్సి వస్తుందని.

చేయాల్సింది ఇది. టీకా రిజిస్ట్రేషన్‌కి ఇచ్చిన ఫోను నంబరుతో కోవిన్ పోర్టల్లోకి (మన ప్రభుత్వం టీకా వెబ్‌సైటు) వెళ్ళండి, ఓటీపీ దానికే వస్తుంది. ఆ సిమ్ము పక్కింటబ్బాయిదైతే ముందు వాడిని పట్టుకోండి, నవ్వకండి, నేను చూసిన పాతికలో ఆరు కేసులు అలాంటివే. లోపల "రైజ్ యాన్ ఇష్యూ" అని ఉంటుంది. ముందు సర్టిఫికెట్లో పేరు దిద్దే ఆప్షన్ తీసుకుని పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం అక్షరం కొట్టండి. ఒక్కసారే అవకాశం ఇస్తుంది కాబట్టి పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చదివించుకోండి. అది అయ్యాక పాస్‌పోర్టు నంబరు జతచేయండి. ఈ వరస తప్పితే, అంటే పేరు తప్పుగా ఉండగానే నంబరు కలిపితే, మళ్ళీ తలనొప్పి.

నాన్నగారి పుట్టిన తేదీకి కూడా మందుంది. సెప్టెంబరు ఆఖరు నుంచి విదేశీ ప్రయాణానికని వేరే సర్టిఫికెట్ ఇస్తున్నారు, దాంట్లో తేదీ, నెల, సంవత్సరం పూర్తిగా వస్తాయి. పాతదాంట్లో సంవత్సరం మాత్రమే ఉంటుంది. న్యూయార్క్ వాళ్ళు బయటిదేశం సర్టిఫికెట్లో చూసేది పేరు, పుట్టిన తేదీ, ఏ టీకా, ఏ రోజు వేశారు లాంటివే, కాబట్టి కొత్తదే ప్రింటు తీయండి.

కోవాగ్జిన్ గురించి దిగులు వద్దు. ఈ నెల 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో చేరింది, అమెరికా ఆ జాబితాను ఒప్పుకుంటుంది. ఇంకో వారం ఆలస్యమై ఉంటే మీ నాన్నగారి టికెట్ గురించి మనం వేరే సంగతి మాట్లాడుకునేవాళ్ళం.

జెర్సీపిల్ల | 15 నవంబరు 2021

నేను జెర్సీ సిటీలో ఉంటాను, వారానికి రెండుసార్లు మన్‌హాటన్ వెళ్తాను. బ్రాడ్వే షో (మన్‌హాటన్‌లోని పెద్ద థియేటర్ల నాటకాలు) అనుకుంటే మాత్రం విడిగా చూసుకోండి చందూ గారూ, సిటీ రూలు వేరు, వాళ్ళ రూలు వేరు. వాళ్ళకి ఒక్క డోసు చాలదు, రెండో డోసు వేసుకుని పద్నాలుగు రోజులు దాటాలి, పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన ఫొటో ఐడీ కావాలి, షో ఆసాంతం మాస్కు ఉండాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి టెస్టు కాగితం కావాలి, పీసీఆర్ అయితే 72 గంటల్లోపు, యాంటీజెన్ అయితే షోకి ఆరు గంటల్లోపు చేయించినది. మీవాడిని తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే ముందు థియేటర్ వాళ్ళ పేజీ చదవండి.

లిబర్టీ విగ్రహం దగ్గరకి సర్టిఫికెట్ అక్కర్లేదు, ఫెర్రీలో మాస్కు చాలు, ఎయిర్‌పోర్టులో లాగే సామాను స్కాన్ చేస్తారు. కిరీటం లోపలికి మాత్రం ఇప్పుడు పంపడం లేదు. సెంట్రల్ పార్కు, బ్రూక్లిన్ బ్రిడ్జి, టైమ్స్ స్క్వేర్ ఇవన్నీ ఆరుబయలే కదా. సబ్‌వేలో మాస్కు లేకపోతే యాభై డాలర్ల జరిమానా, పెద్దవాళ్ళకి ముక్కు మీద నుంచి జారిపోతుంటుంది, చూసుకోండి.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. మీ నాన్నగారికి షుగర్ లాంటిదేమన్నా ఉండి బాత్రూంకి వెళ్ళాల్సొస్తే, దానికీ పార్సిల్ తీసుకోవడానికీ లోపలికి వెళ్తే కాగితాలు చూపించక్కర్లేదు, రూల్లోనే ఉంది. మాట్లాడ్డానికి మొహమాటపడకండి.

ఆ, మీ ఆవిడ కార్డు. వేయించుకున్న ఫార్మసీ వాళ్ళ దగ్గరా, మీ రాష్ట్ర రిజిస్ట్రీలోనూ రికార్డు ఉంటుంది, ప్రింటు ఇస్తారు. కార్డు దొరికితే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పర్సులో పట్టని సైజులో ఆ కార్డు ఎవడు చేయించాడో గానీ, చేత్తో రాసిన తేదీలు చెమటకి చెరిగిపోతున్నాయి.

పెసరట్టు ఉప్మా | 15 నవంబరు 2021

అందరూ రూళ్ళు భక్తిగా వల్లిస్తున్నారు గానీ ఒక్కరూ అసలు సంగతి అడగరేం. సిటీ వాళ్ళ యాప్ ఒకటుంది, దాంట్లో కార్డు ఫొటో పెట్టుకోవచ్చు. నేను మా కుక్క ఫొటో పెట్టాను. తీసుకుంది. దేన్నీ సరిచూడదు, ఉత్త ఆల్బమ్ అది. గుమ్మం దగ్గర పదిహేను డాలర్ల జీతగాడు మన కోవిన్ క్యూఆర్ కోడు చూసి ఏం తెలుసుకుంటాడు? ఫొటోషాప్‌లో పది నిమిషాల పని. నిజాయితీగా ఉన్న ముసలివాళ్ళు పొడి అక్షరం గురించి హడలి చస్తున్నారు, దొంగ కార్డువాడు దర్జాగా బిర్యానీ తింటున్నాడు. పైగా ఐడీ అట. ఇక్కడ ఓటు వేయడానికి ఐడీ అడిగితే తప్పు, ఆమ్లెట్ తినడానికి అడిగితే ఒప్పు.

క్వీన్స్ నర్సు | 16 నవంబరు 2021

నేను సాధారణంగా చదివి వెళ్ళిపోతాను, రాయను. మాది నెల్లూరు, పద్నాలుగేళ్ళుగా క్వీన్స్‌లో నర్సుగా చేస్తున్నాను. పెసరట్టు గారూ, మీరు చెప్పిన లోపాలన్నీ నిజమే, యాప్ సంగతి మా వార్డులో కూడా నవ్వుకున్నాం. కానీ 2020 ఏప్రిల్లో మీరెక్కడున్నారో నాకు తెలియదు. రాష్ట్రంలో రోజుకి ఏడెనిమిది వందల మంది పోయిన రోజులవి. రాత్రంతా అంబులెన్సు కూతలే, ఒకటి ఆగితే ఇంకొకటి. ఆసుపత్రుల బయట శవాల కోసం ఫ్రిజ్ లారీలు పెట్టారు. నేను ఎన్ 95 మాస్కు ఒకటే ఐదు రోజులు వాడి, కాగితం సంచిలో పెట్టి, మీద పేరు రాసి మేకుకి తగిలించి ఇంటికొచ్చేదాన్ని. సాయంత్రం ఏడింటికి జనం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టేవాళ్ళు, నాకేమో ఆ టైముకి కాసేపు నిద్ర పడితే బాగుండనిపించేది.

గుమ్మం దగ్గర కుర్రాడు దొంగ కార్డు పట్టుకుంటాడని కాదు ఈ రూలు పెట్టింది. హోటల్లో తినాలన్న కోరికతోనైనా జనం వచ్చి వేయించుకుంటారని. మా దగ్గరికి వచ్చారు కూడా. "నాకు నమ్మకం లేదు సిస్టర్, కానీ నా గర్ల్‌ఫ్రెండ్ పుట్టినరోజుకి రెస్టారెంట్ బుక్ చేశాను" అన్నవాడికి నా చేత్తో వేశాను. ఈ ఏప్రిల్లో నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పెద్ద నీలి తిమింగలం బొమ్మ కింద బల్లలు వేసి టీకాలు వేశారు, దాని రెక్కకి కూడా ఓ బ్యాండేజీ అంటించారు. చందూ గారూ, మీవాడిని అక్కడికి తీసుకెళ్ళండి, నచ్చుతుంది.

పెసరట్టు ఉప్మా | 16 నవంబరు 2021

సిస్టర్, మీతో వాదించను. నేనప్పుడు ఒహాయోలో ఇంట్లో కూర్చుని డాల్గోనా కాఫీ గిలక్కొడుతున్నాను. ఐడీ సంగతి మీద మాత్రం నా మాట నాదే.

షార్లెట్ చందు | 21 నవంబరు 2021

అప్‌డేట్. పంతులు గారు చెప్పిన వరసలోనే చేశాం. ఓటీపీ మా మేనమామ ఫోనుకి వచ్చింది, ఆయన అప్పుడు తిరుమల క్యూలో ఉన్నారు, అక్కడి నుంచే అంకెలు చదివారు. అన్నట్టు అక్కడ దర్శనానికి కూడా సెప్టెంబరు నుంచి రెండు డోసుల సర్టిఫికెట్టో మూడు రోజుల్లోపు నెగెటివ్ రిపోర్టో చూపించాల్సిందేనట. దేవుడి దగ్గరే అడుగుతుంటే న్యూయార్క్‌ని ఏమంటాం.

అమ్మ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు వచ్చింది. నాన్నది పూర్తి తేదీతో వచ్చింది. మావాడికి నిన్న మొదటి డోసు వేయించాం, ఐదు నుంచి పదకొండేళ్ళ వాళ్ళకి ఈ నెలలోనే మొదలైంది కదా. మా ఆవిడకి ఫార్మసీవాళ్ళు రెండు నిమిషాల్లో ప్రింటు ఇచ్చారు, నేనే అనవసరంగా అటక మీది డబ్బాలన్నీ దింపాను.

కోవిన్ పంతులు | 3 డిసెంబరు 2021

చందూ గారూ, ఇక్కడున్నారా? ఒమిక్రాన్ గొడవతో రూలు మారింది. ఇప్పటిదాకా టీకా వేసుకున్నవాళ్ళకి ప్రయాణానికి మూడు రోజుల ముందు టెస్టు చాలేది. 6వ తేదీ నుంచి ఒక్క రోజు ముందే చేయించాలి, టీకా ఉన్నా లేకపోయినా. మీవాళ్ళది 10 కదా, మీకు కొత్త రూలే.

షార్లెట్ చందు | 3 డిసెంబరు 2021

అయ్యో. నాన్న 8వ తేదీకి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ఒక రోజు అంటే 24 గంటలా? 10 రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదు ఫ్లైటు, 11 తెల్లవారుజామున ఢిల్లీ ఫ్లైటు, దేని నుంచి లెక్క? ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు సమయానికి రాకపోతే?

ఎడిసన్ బాబాయ్ | 3 డిసెంబరు 2021

ఊపిరి పీల్చుకో నాయనా. గంటలు కాదు, క్యాలెండర్ రోజు. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటి ఫ్లైటు నుంచే లెక్క, అంటే 9వ తేదీన ఏ టైములో చేయించినా చెల్లుతుంది, 10న చేయించినా చెల్లుతుంది. విడివిడిగా కొని ఉంటే ఢిల్లీ నుంచి లెక్కేసుకోవాలి. ఆర్‌టీపీసీఆరే అక్కర్లేదు, యాంటీజెన్ టెస్టు కూడా ఒప్పుకుంటారు, కాకపోతే ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు ఉండాలి, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించమను. రిపోర్టు తీసుకునేటప్పుడే అక్కడే నిలబడి చదువుకోమను, ఇంటికెళ్ళాక కాదు. ఈ రూలు రాసున్న సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) పేజీ ప్రింటు ఒకటి నాన్నగారి చేతికివ్వు.

జెర్సీపిల్ల | 6 డిసెంబరు 2021

ఇంకో మార్పు, ఇవాళే మేయర్ డి బ్లాసియో ప్రకటించారు. 14వ తేదీ నుంచి ఐదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి కూడా హోటళ్ళూ మ్యూజియంల దగ్గర ఒక డోసు చూపించాలి. 27 నుంచి పన్నెండు దాటినవాళ్ళకి రెండు డోసులు. చందూ గారూ, మీవాడికి ముందే వేయించి మంచిపని చేశారు, లేకపోతే మీరందరూ లోపల, వాడు బయట.

షార్లెట్ చందు | 18 డిసెంబరు 2021

ఇంటికొచ్చాం. అందరూ వివరాలు అడుగుతున్నారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు హైదరాబాదు కౌంటర్ దగ్గర. 9 పొద్దున పదింటికి టెస్టు, 10 రాత్రి ఫ్లైటు. కౌంటర్లో అబ్బాయి లెక్కేసి ఇరవైనాలుగు గంటలు దాటిపోయింది, మళ్ళీ చేయించుకు రండి అన్నాడట. అమ్మ అక్కడే ట్రాలీ పట్టుకుని నిలబడిపోయింది. నాన్న రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి, రూలు పుస్తకం చూపిస్తే తప్ప కదిలే మనిషి కాదు. బాబాయ్ గారు చెప్పిన ప్రింటు తీసి, పెన్నుతో గీసిన లైను మీద వేలు పెట్టి "నాయనా, ఇక్కడ డే అనుంది, అవర్స్ అని లేదు" అన్నారట. వాడు లోపలికెళ్ళి పైవాళ్ళని అడిగొచ్చి బోర్డింగ్ పాసులు ఇచ్చాడు.

నెవార్క్‌లో దిగాక చూస్తే నాన్న మెడలో జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచి. దాంట్లో పాస్‌పోర్టు, కోవిన్ సర్టిఫికెట్ కలర్ ప్రింటు (లామినేషన్ చేయించారు, ముందూ వెనకా), టెస్టు రిపోర్టు, ఆధార్, పాన్, ఓటరు కార్డు, పెన్షన్ పుస్తకం జిరాక్సు. రేషన్ కార్డు కూడా తెద్దామనుకున్నారట, అమ్మ లాక్కుందట.

14 మంగళవారం పొద్దున విగ్రహం చూశాం, ఎవరూ ఏమీ అడగలేదు, గాలికి చెవులు పోయాయి. తిరిగొచ్చాక మధ్యాహ్నం మన్‌హాటన్‌లో ఒక హోటలుకి వెళ్ళాం. గుమ్మం లోపల చిన్న బల్ల, దాని వెనక ఒకమ్మాయి, నల్ల మాస్కు. నా ఫోన్లో కార్డు ఫొటో, డ్రైవింగ్ లైసెన్సు రెండు సెకన్లు చూసింది. నాన్న ముందుకొచ్చి జిప్పు లాగి ఒక్కొక్కటీ బల్ల మీద పేకముక్కల్లా పరిచారు. వెనక ఇంకో నాలుగు కుటుంబాలు నిలబడ్డాయి. ఆ అమ్మాయి విసుక్కోలేదు. సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడు జోలికి పోలేదు, కంటితోనే చదివింది. పేరు చూసింది, పాస్‌పోర్టులో గివెన్ నేమ్ చూసింది, ఇంటిపేరు చూసింది, మళ్ళీ సర్టిఫికెట్ చూసింది. మన పేర్లు పొడుగు కదా, వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పైకి చదివింది. మా ఇంటిపేరుని ఆ యాసలో వింటే నాకే కొత్తగా ఉంది. తర్వాత పుట్టిన తేదీ సరిపోల్చి "హ్యాపీ బిలేటెడ్ బర్త్‌డే" అంది. నాన్న పుట్టినరోజు నవంబరు 30. ఆయన పుట్టినరోజు మాకెవరికీ గుర్తులేదు, ఈ తేదీ కోసం నెలరోజులుగా కుస్తీ పడుతున్నానే, నాకూ గుర్తులేదు. లోపల కూర్చున్నాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

పిల్లల రూలు మొదలైంది ఆ రోజే కాబట్టి మావాడినీ కార్డు అడిగింది. వాడికి ఐడీ అక్కర్లేదంటే ఏడుపు మొహం పెట్టాడు, తాతయ్యకి అన్ని కార్డులుండి నాకెందుకు లేవని.

15న మ్యూజియం. అక్కడా అంతే, సర్టిఫికెట్, ఐడీ, ముందే బుక్ చేసిన టికెట్. సిస్టర్ గారూ, తిమింగలం కింద నేల మీద వెల్లకిలా పడుకుని మావాడూ మా నాన్నా అరగంట లేవలేదు. 16 సాయంత్రం బ్రాడ్వేకి మా నలుగురికీ టికెట్లు (పిల్లాణ్ణి పిన్ని దగ్గర ఉంచాం). థియేటర్ దాకా వెళ్ళాక షో రద్దయిందన్నారు, నటుల్లో ఎవరికో పాజిటివ్ అట. ఆ వారం చాలా షోలకి అదే గతి పట్టింది. డబ్బులు వెనక్కి వచ్చేస్తాయన్నారు. అన్ని కాగితాలు పోగేసుకుని వెళ్తే చూపించుకునేవాడే లేడు. దాంతో స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కాం, ఉచితం, రాత్రిపూట నీళ్ళ మీద నుంచి దీపాలు. అమ్మకి మొత్తం ట్రిప్పులో నచ్చింది అదొక్కటే.

గోదారిగట్టు | 18 డిసెంబరు 2021

పెన్షన్ పుస్తకం జిరాక్సు దగ్గర పగలబడి నవ్వాను. మా అత్తగారికి చదివి వినిపించాను, "మంచి పని చేశాడాయన, ఎప్పుడు ఏది అడుగుతారో" అన్నారు.

పెసరట్టు ఉప్మా | 19 డిసెంబరు 2021

పుట్టినరోజు ముక్క చదివాక ఐడీ అడగడం మీద నా వాదన ఓ పది శాతం తగ్గించుకుంటున్నాను. పదే.

డాలస్ డాబా | 27 డిసెంబరు 2021

మేం డిసెంబరు 31 రాత్రికి టైమ్స్ స్క్వేర్ అనుకుంటున్నాం, నలుగురు ఫ్రెండ్స్. ఒకడికి ఒక డోసే అయింది. చలిలో బయట నిలబడేదే కదా, ఎవడు చూస్తాడు?

ఎడిసన్ బాబాయ్ | 27 డిసెంబరు 2021

చూస్తారు తమ్ముడూ. ఆరుబయలే అయినా దీనికి రెండు డోసుల రుజువూ ఫొటో ఐడీ అడుగుతున్నారు, మాస్కు కూడా ఉండాలి. మామూలుగా ఆ బారికేడ్ల లోపల 58 వేల మంది దాకా పడతారు, ఈసారి 15 వేలకి కుదించారు, మధ్యాహ్నం మూడింటి తర్వాతే లోపలికి వదులుతారట. ఇవాళ్టి నుంచి హోటళ్ళలోనూ రెండు డోసులే, కాబట్టి మీవాడు సిటీలో ఎక్కడా కూర్చుని తినలేడు కూడా. వాడిని ఎడిసన్ పంపించండి, బిర్యానీ పెడతాను.

క్వీన్స్ నర్సు | 28 డిసెంబరు 2021

వెళ్ళకండి. మా దగ్గర మళ్ళీ వరండాల్లో మంచాలు వేశారు. మొదటిసారంత ఘోరంగా లేదు, టీకా వేసుకున్నవాళ్ళు జ్వరంతో ఇంట్లోనే తేరుకుంటున్నారు, కానీ మా స్టాఫే సగంమంది సెలవులో ఉన్నారు. టీవీలో చూడండి, బంతి ఒకేలా పడుతుంది.

డాలస్ డాబా | 28 డిసెంబరు 2021

సరే సిస్టర్. టికెట్లు క్యాన్సిల్ చేశాం.

జెర్సీపిల్ల | 5 మార్చి 2022

పాత దారం పైకి లాగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఎల్లుండి, 7వ తేదీ నుంచి న్యూయార్క్ హోటళ్ళలో టీకా కార్డూ ఐడీ చూపించక్కర్లేదు, కొత్త మేయర్ ఆడమ్స్ తీసేశారు. సొంతంగా అడగాలనుకునే హోటలువాళ్ళు అడగొచ్చు. బ్రాడ్వేవాళ్ళు ఇంకా అడుగుతున్నారు. సబ్‌వేలో మాస్కు మాత్రం ఉంది. వేసవిలో అమ్మానాన్నల్ని రప్పిస్తున్నవాళ్ళు గమనించండి, సిటీలో తీసేశారు గానీ అమెరికాలో అడుగుపెట్టడానికి టీకా సర్టిఫికెట్టూ ఒక రోజు ముందు టెస్టూ అలాగే ఉన్నాయి, రెండిటినీ కలిపేసుకోకండి.

షార్లెట్ చందు | 6 మార్చి 2022

థాంక్స్ అండీ. నాన్నకి చదివి వినిపించాను. "లామినేషన్‌కి ఎనభై రూపాయలు అయింది" అన్నారు. వాళ్ళు ఏప్రిల్ ఆఖర్లో తిరుగు ప్రయాణం. పంతులు గారూ, ఇండియాకి వెళ్ళేటప్పుడు ఎయిర్ సువిధ ఫారం ఇంకా ఉందా? టెస్టు కూడా కావాలా?

కోవిన్ పంతులు | 6 మార్చి 2022

ఫారం ఉంది. ఫిబ్రవరి 14 నుంచి అమెరికా లాంటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు టెస్టు బదులు టీకా సర్టిఫికెట్ ఎక్కించినా చాలు, ఏడు రోజుల ఇంటి క్వారంటైన్ కూడా తీసేశారు. సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా పెట్టుకోండి. నాన్నగారికి ప్రింటు కావాలంటే ఇవ్వండి, సంచిలో చోటుంటే.

షార్లెట్ చందు | 6 మార్చి 2022

రెండు ప్రింట్లు అడిగారు.